మకాకా – మన ముంగిటి కోతికి కాంగో పేరు

మక్తల్ వాసులకు కోతులను గురించి ఎవరూ పరిచయం చేయనవసరం లేదు. ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగే వేళకే అవి బండలు పరచిన మిద్దెల అంచున వరుసగా కూర్చొని ఉంటాయి. ఎండబెట్టిన వేరుశనగ కాయలను గాని, తలుపు తీసి ఉంచిన వంటగదిని గాని అవి విడిచిపెట్టవు. ఇటు సంగంబండ మొదలుకొని అటు కృష్ణా, భీమా నదులు కలిసే తంగిడి వరకు కందిచేలకు, వేరుశనగ చేలకు కాపలా కాసే రైతుల నోట నిత్యం వినవచ్చే మాట కోతియే. అయితే ఈ జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఏమిటో, అది ఏ దేశపు నోట పుట్టినదో చెప్పగలవారు మాత్రం అరుదు. ఆ పేరు 'మకాకా'.

ఈ పేరును గురించి వ్రాయవలసిన అవసరం మాకు ఒక ప్రశ్న వలన కలిగినది. సాయంత్రం పాఠాలకు వచ్చే బాలుని తండ్రి ఒకరు సైన్సు నోటుపుస్తకం చేత పట్టుకొని మా వద్దకు వచ్చినారు. "హజ్రత్, ఇండ్ల మనిషి, కోతి ఒకటే గుంపని రాసిండ్రు. ప్రైమేట్స్ అంట. మావోడు గిది చదవొచ్చునా?" అని అడిగినారు. ఆయన గొంతులో కోపము లేదు, భయమున్నది. పిల్లవాడు పరీక్షలో ఆ జవాబు వ్రాస్తే ఈమానుకు ఏమవుతుందోనని ఆయన బెంగ. ఇటువంటి బెంగ అనేక ముస్లిం కుటుంబాలలో ఉన్నదని మాకు తెలుసు. కొందరు పిల్లలను సైన్సు పాఠానికే దూరముంచుతారు, మరికొందరు "పరీక్షకు వ్రాసి మరచిపో" అంటారు. రెండూ మాకు సమ్మతం కావు. ఒక మాట భయపెడుతున్నప్పుడు మొదట చేయవలసిన పని ఆ మాటను విప్పి చూడటం. మదరసాలో మేము నేర్చిన మొదటి విద్య కూడా అదే. అరబీ పదం ఎదురైతే దాని మూలధాతువు ఏదో, దానిని మొదట ఎవరు ఏ అర్థంలో పలికినారో వెదకుతాము. ఆ తర్వాతనే వ్యాఖ్యానం.

'ప్రైమేట్స్' అనునది లాటిను మాట. 'ప్రైమస్' అనగా మొదటిది. మొదటి వరుసలోనివారు, అగ్రగణ్యులు అని దాని అర్థం. నేటికీ క్రైస్తవ మతాధిపతులలో కొందరు ప్రధానులకు ప్రైమేట్ అనే బిరుదు ఉన్నది. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లినేయస్ 1735లో జీవుల పట్టికను మొదటిసారి ప్రకటించినప్పుడు ఈ మాట వాడనే లేదు. మనుష్యాకారం కలవి అనే అర్థమిచ్చే 'ఆంత్రోపోమార్ఫా' అనే పేరు క్రింద మనిషిని, కోతులను, స్లోత్ అనే దక్షిణ అమెరికా జంతువును కలిపి వ్రాసినాడు. 1758లో వెలువడిన పదవ ముద్రణలో ఆ పేరు తీసివేసి ప్రైమేట్స్ అని పెట్టినాడు. ఆ ముద్రణలో ఈ అగ్రగణ్యుల సరసన గబ్బిలాలు కూడా ఉన్నవి! పళ్ళు, స్తనాలు మొదలైన కొన్ని అవయవాల పోలికను బట్టి ఆయన చేసిన సర్దుబాటు అది. తర్వాతి వారు గబ్బిలాలను ఆ వరుసలోనుండి తొలగించినారు.

ఇక్కడ ఒక లెక్క గమనించవలసి ఉన్నది. డార్విన్ గ్రంథం వెలువడినది 1859లో. లినేయస్ ఈ పేరు పెట్టినది దానికి 101 సంవత్సరాల ముందు. సృష్టికర్త చేసిన సృష్టికి పట్టిక వ్రాస్తున్నానని నమ్మిన క్రైస్తవుడాయన. కాబట్టి ఈ పేరు పుట్టినప్పుడు అందులో వంశవృక్షం లేదు, దేహనిర్మాణపు పోలిక మాత్రమే ఉన్నది. ఐదు వేళ్ళు, చేతితో పట్టుకొనే శక్తి, ముందువైపు చూసే రెండు కళ్ళు – ఈ పోలికలు కంటికి కనబడేవే. వాటిని గుర్తించుట వలన ఎవరి ఈమానూ తరగదు. ఆ తర్వాత వచ్చిన పరిణామవాదం వేరే చర్చ. దానిని దాని స్థానంలో చర్చించవలసినదే గాని, ఒక పట్టికలోని పేరు మీద ఆ భారమంతా మోపుట న్యాయం కాదు. ఆ తండ్రితో మేము ఇదే చెప్పినాము. పిల్లవాడు పాఠం చదువుతున్నాడు.

ఈ సందర్భంలో మన గ్రంథాల వైపు కూడా ఒకసారి చూడవలెను. ఇబ్ను ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో సృష్టి శ్రేణులను వర్ణిస్తూ ఖనిజాలు, మొక్కలు, జంతువులు ఒకదాని అంచు మరొకదాని అంచును తాకుతున్నట్లుగా వ్రాసినారు. జంతువుల శ్రేణి మనిషి శ్రేణిని తాకేచోట కోతుల లోకాన్ని పేర్కొన్నారు. చిత్రమేమనగా, కొన్ని ప్రతులలో ఆ చోట 'ఖిరద' (కోతులు) అనే మాటకు బదులు 'ఖుద్ర' (శక్తి) అని ఉన్నది. అరబీలో ఈ రెండింటికీ అక్షరాలు అవే, రా, దాల్ తారుమారైనవి, అంతే. వ్రాయసగాని చేయి జారినదో, కోతి పేరు అక్కడ ఉండకూడదని ఎవరైనా దిద్దినారో! ఏమైనా మన పెద్దలు కోతిని గురించి ఆలోచించుటకు జంకలేదనుట స్పష్టం. వారికంటే అయిదు శతాబ్దాల ముందే బస్రాకు చెందిన జాహిజ్ జంతువుల మీద బృహద్గ్రంథం వ్రాసినారు. కైరోకు చెందిన దమీరీ (మరణం హి.శ. 808) తన 'హయాతుల్ హయవాన్'లో జంతువుల పేర్లను అక్షరక్రమంలో పేర్చి, ప్రతి పేరుకు భాషార్థం, ధర్మశాస్త్ర విధి, సామెతలు, స్వప్నఫలం వరకు వ్రాసినారు. అందులో 'ఖిర్ద్' అనగా కోతికి కూడా చోటున్నది.

ఇక మకాకా వద్దకు వద్దాము. ప్రైమేట్స్ అనేది పెద్ద క్రమం. అందులో ఇరవైకి పైగా జాతులుగల ఒక ప్రజాతి మకాకా. మన ఊళ్ళలో తిరిగే కోతులన్నీ ఈ ప్రజాతివే. కొండముచ్చు మాత్రం వేరు. దాని ప్రజాతికి 'సెమ్నోపితికస్' అని పేరు, గ్రీకులో పూజ్యమైన వానరమని అర్థం.

మకాకా అనగానే మన పిల్లలు "మర్కటం నుండి వచ్చినది" అంటారు. వినడానికి బాగున్నది కాని నిజం కాదు. మర్కటం సంస్కృతం, మకాకాకు దానితో చుట్టరికమే లేదు. ధ్వని కలిసినంత మాత్రాన వంశం కలవదు. బందరు అనే ఊరి పేరును చూడండి. దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలకు 'బందర్' అనగా కోతి గనుక ఆ ఊరి పేరు విని నవ్వుతారు. ఆ 'బందర్' పారశీకంలో ఓడరేవు. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఉన్నది అదే మాట. కోతిని సూచించే బందర్ సంస్కృత 'వానర' నుండి వచ్చినది. మా మక్తల్ పేరును సైతం అరబీలో వధాస్థలమనే అర్థమిచ్చే 'మఖ్తల్'తో ముడివేసి యుద్ధకథలు అల్లే యువకులున్నారు. అరబీ వచ్చినవాడికి ఈ ప్రలోభం మరీ ఎక్కువ. ప్రతి ఊరి పేరులోనూ అతనికి అరబీయే వినబడుతుంది!

మకాకా పుట్టినిల్లు ఆఫ్రికాలోని కాంగో నదీతీరం. అక్కడి బంటూ భాషలలో ఒకటైన కాంగో భాషలో 'కాకు' అనగా కోతి. 'మ' అనేది బహువచనాన్ని సూచించే ఉపసర్గ. మనం తెలుగులో 'లు' చివర చేర్చినట్లు వారు 'మ' ముందు చేరుస్తారు. 'మకాకు' అనగా కోతులు. 1480ల దశకంలో పోర్చుగీసు నావికులు కాంగో నదీముఖాన్ని చేరినారు. అక్కడి ప్రజల నోట విన్న మాటను 'మకాకో' అని పలికి, ఒక్క కోతికీ అదే పేరు పెట్టినారు. బహువచనం ఏకవచనమైపోయినది. ఇందులో వారిని తప్పుపట్టనవసరం లేదు, మనమూ అదే పని చేసినాము. 'ఖబర్' అనగా వార్త, 'అఖ్బార్' అనగా వార్తలు. కాని మన ఇళ్ళలో "ఒక అఖ్బార్ తీసుకురా" అంటాము. 'వలీ'కి బహువచనం 'ఔలియా'. అయినా ఫలానా ఆయన గొప్ప ఔలియా అనడం ఎవరికీ వింతగా తోచదు.

పోర్చుగీసు వారి ఓడలలో ఆ మాట అట్లాంటిక్ దాటి బ్రెజిల్ చేరినది. ఆ ఓడలలోనే సంకెళ్ళతో కాంగో, అంగోలా మనుషులూ చేరినారు. మాట ప్రయాణించిన దారి బానిసల వ్యాపారపు దారియే. బ్రెజిల్‌లో ఆ మాటకు అక్కడి కోతులన్నీ లోబడినవి. నేటికీ అక్కడి వాడుకభాషలో ఏ కోతియైనా మకాకోయే. 1648లో ముద్రితమైన బ్రెజిల్ ప్రకృతి చరిత్రలో జర్మన్ శాస్త్రజ్ఞుడు మార్క్‌గ్రాఫ్ ఈ పేరును గ్రంథస్థం చేసినాడు. అక్కడినుండి ఫ్రెంచి పండితుల చేతికి వచ్చి 'మకాక్' అయినది. 1799లో లాసెపేడ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి లాటిను రూపమిచ్చి 'మకాకా' అని ఒక ప్రజాతికి ముద్ర వేసినాడు.

ఈ కథలోని విచిత్రం ఇప్పుడు వస్తుంది. నేటి శాస్త్రం మకాకా అని పిలిచే కోతి కాంగోలో ఒక్కటి కూడా లేదు! ఈ ప్రజాతి కోతులు దాదాపు అన్నీ ఆసియావే. ఆఫ్రికాలో ఉన్నది ఒకే ఒక్క జాతి, అది కూడా ఉత్తరాన మొరాకో, అల్జీరియా కొండలలో. దానికి తోక ఉండదు. ఆ జాతి కోతులే క్రీ.శ. 711లో తారిఖ్ బిన్ జియాద్ సేనతో దిగిన జబల్ తారిఖ్ మీద, అనగా నేటి జిబ్రాల్టర్ మీద, ఇప్పటికీ స్వేచ్ఛగా తిరుగుతున్నవి. ఐరోపాలో మరెక్కడా స్వేచ్ఛగా తిరిగే కోతులు లేవు. యూనానీ వైద్యులు గురువుగా తలచే జాలీనూస్ (గాలెన్) మనుష్య శవాలను కోయుటకు వీలులేని కాలంలో ఈ కోతులనే కోసి శరీరశాస్త్రం వ్రాసినాడు. వెయ్యేళ్ళకు పైగా ప్రపంచం ఆ వ్రాతలను మనిషి శరీర వర్ణనగానే చదివినది. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈజిప్టులో కరువు వచ్చినప్పుడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ వేలాది అస్థిపంజరాలను స్వయంగా పరిశీలించి, జాలీనూస్ రెండు ఎముకలని చెప్పిన క్రింది దవడ నిజానికి ఒకే ఎముక అని వ్రాసినారు. గురువు మాటకంటె కంటి సాక్ష్యం నమ్మదగినదని చెప్పుటకు ఆయన వెనుకాడలేదు. విషయాంతరమైనా ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయినాము.

కాంగో ప్రజలు కోతికి పెట్టుకొన్న మాట ఐరోపాకు పోయి, శాస్త్రీయమై, చివరికి తిరిగి కాంగోకే వచ్చినది. అయితే వచ్చినది పాఠ్యపుస్తకంగా కాదు, తిట్టుగా వచ్చినది. 1908 నుండి 1960 వరకు సాగిన బెల్జియం వలసపాలనలో తెల్లవారు కాంగో ప్రజలను 'మకాక్' అని పిలిచి అవమానించడం మామూలైపోయినది. వారి భాషనుండి దొంగిలించిన మాటతోనే వారిని మనుషుల వరుసనుండి త్రోసివేసినారు. ఇది పాత కథ అనుకోవద్దు. 2006 ఆగస్టులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జార్జ్ అలెన్ అనే సెనెటర్ ఎన్నికల సభలో మాట్లాడుతూ, ప్రత్యర్థి పక్షం తరఫున తనను వీడియో తీస్తున్న భారతీయ సంతతి యువకుని వైపు వేలు చూపి "మకాకా" అని సంబోధించినాడు. ఆ యువకుడు వర్జీనియాలోనే పుట్టి పెరిగినవాడు. ఆ దృశ్యం దేశమంతటా ప్రసారమైనది. ఆ మాటకు అర్థమే తనకు తెలియదని సెనెటర్ చెప్పుకొన్నాడు, తర్వాత క్షమాపణ కోరినాడు. నవంబరులో స్వల్ప తేడాతో ఓడిపోయినాడు.

సూరా హుజురాత్ 11వ ఆయతు విశ్వాసులను ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని శాసిస్తున్నది. మన ఇళ్ళలో ఈ ఆయతు ఎంతవరకు అమలవుతున్నదో ఎవరికి వారు చూసుకోవలసినదే. నల్లగా ఉన్న పిల్లవానిని, సన్నగా ఉన్న పిల్లను "కోతి" అనుట మనకు ముద్దుమాట. వినేవారికి అది ఎలా ఉంటుందో చెప్పుటకు మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి పేర్కొంటాము.

ఆ ఇంటి అమ్మాయి పేరు మైమూనా. ఎనిమిదవ తరగతి చదువుతున్నది. ఒక పెళ్ళి సందర్భంలో ఇంటికి వచ్చిన బంధువొకాయన, ఉర్దూ చదువుకున్నవాడే, "మైమూన్ అంటే బందర్ కదా!" అని నలుగురిలో నవ్వినాడట. అది మొదలు పెద్దవాళ్ళ పిల్లలు ఆ అమ్మాయిని చూసి కోతి చేష్టలు చేయడం మొదలైనది. కొన్నాళ్ళకు ఆ పిల్ల కొత్తవారికి తన పేరు చెప్పడమే మానివేసినది. తల్లి మా ఇంటికి వచ్చి లోపల ఆడవారి వద్ద కూర్చొని ఏడ్చినది. "హజ్రత్‌ను అడుగుండ్రి అమ్మా, పేరు మారుస్తే గునా అయితదా? బడిల కాయితాల మీద గూడ మార్పియ్యాలె" అని అడిగించినది.

ఆ బంధువు చెప్పినది అబద్ధం కాదు, సగం నిజం. పారశీకంలో, టర్కీ భాషలో కోతిని 'మైమూన్' అనే అంటారు. టర్కీ వారి పాలన వలన ఆ మాట బల్గేరియా, రుమేనియా భాషలకు కూడా పాకినది. ఉర్దూ నిఘంటువులలోనూ కనబడుతుంది. కాని ఆ మాట అరబీది. 'యుమ్న్' అనే ధాతువు నుండి పుట్టిన 'మైమూన్'కు శుభప్రదుడు, బర్కత్ కలవాడు అని అర్థం. అరబీలో అది మనుషుల పేరు. మరి శుభమనే మాట కోతికి ఎలా అంటుకొన్నది? కోతి ఎదురైతే అశుభమని తలచిన కాలంలో దాని అసలు పేరు పలుకుటకు జంకి, అందుకు విరుద్ధమైన మంచి పేరుతో పిలిచినారని ఒక వివరణ ప్రచారంలో ఉన్నది. మన పల్లెల్లో రాత్రివేళ పామును 'పురుగు' అన్నట్లు. అంటే కోతికి అమ్మాయి పేరు అరువు ఇచ్చినారే గాని, అమ్మాయికి కోతి పేరు పెట్టలేదు.

ఇంకొక సంగతి ఆ తల్లికి తెలియదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా బిన్త్ హారిస్ (రజి) గారి తొలి పేరు బర్రా అని ఉల్లేఖనాలలో ఉన్నది. ఆమెకు మైమూనా అని పేరు మార్చినవారు స్వయానా దైవప్రవక్త (సఅసం). చెడు అర్థమున్న పేర్లను, గర్వం ధ్వనించే పేర్లను మార్చుట ఆయన అలవాటు. ఆయన కోరి పెట్టిన పేరును మనం కోతి నవ్వులకు భయపడి కాగితాల మీద కొట్టివేయుదుమా? మేము ఆ అమ్మాయినే పిలిపించి ఈ ధాతువును పలక మీద వ్రాసి చూపించినాము. యా, మీమ్, నూన్. అదే ధాతువు నుండి పుట్టిన 'యమీన్' (కుడిచేయి), 'యమన్' దేశం పేరు కూడా వ్రాసినాము. తల వంచుకొని చూసినది. పేరు మార్చలేదు. చేష్టలు చేసిన పిల్లల తండ్రులతో మేము మాట్లాడిన మాటలు ఇక్కడ వ్రాయుట అనవసరం.

కోతిని చూసి అశుభమనుకొనే ఈ అలవాటు మన సమాజంలో మరొక రూపంలో కూడా ఉన్నది. సబ్బాతు నియమాన్ని ఉల్లంఘించిన బనీ ఇస్రాయీల్‌లోని ఒక వర్గం కోతులుగా మార్చబడిన వృత్తాంతం దివ్యఖుర్ఆన్‌లో బఖరా (65), ఆరాఫ్ (166) సూరాలలో ఉన్నది. వ్యాఖ్యాతలలో అత్యధికులు దానిని రూపమార్పుగానే గ్రహించినారు. తాబయీ అయిన ముజాహిద్ మాత్రం మారినవి హృదయాలని అభిప్రాయపడినారు. దీనిని ఆధారం చేసుకొని కొందరు పిల్లలకు "ఈ కోతులు ఆ శపించబడినవారి సంతానం" అని చెబుతారు. అది విన్న పిల్లవాడు రాయి విసిరితే పుణ్యమే వస్తుందనుకొంటాడు. ఈ సందేహాన్ని సహాబాలే ప్రవక్త (సఅసం) వారిని అడిగినారు. రూపం మార్చబడినవారికి అల్లాహ్ సంతానాన్ని మిగల్చలేదని, కోతులు అంతకు ముందునుండే ఉన్నవని ఆయన జవాబిచ్చినట్లు సహీహ్ ముస్లింలో అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం ఉన్నది. ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏముంటుంది? మన మిద్దె మీది కోతి ఎవరి పాపానికీ వారసురాలు కాదు. ప్రాణమున్న దానిని గురిపెట్టి ఆటవస్తువుగా చేసుకొన్నవానిని ప్రవక్త (సఅసం) శపించినారని బుఖారీ, ముస్లింలలో ఇబ్ను ఉమర్ (రజి) ఉల్లేఖనం. పంట కాపాడుకొనుటకు తోలుట వేరు, గులేరుతో కన్ను పోగొట్టుట వేరు.

శాస్త్రీయ నామాలలో మరొకటి మన ఆడవారికి నేరుగా సంబంధించినది. మకాకా ప్రజాతిలో ఉత్తర భారతపు కోతిని 'రీసస్' అంటారు. పద్దెనిమిదవ శతాబ్దం చివర ఫ్రెంచి చిత్రకారుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఓడెబేర్ పెట్టిన పేరు. రీసస్ గ్రీకు పురాణాలలో ఒక రాజు. ఈ కోతికి ఆ రాజుకు సంబంధమేమిటని అడిగితే, ఏ అర్థమూ లేదని పెట్టినవాడే చెప్పినాడు! ఆ అర్థం లేని పేరే నేడు ప్రతి గర్భిణి రక్తపరీక్ష కాగితం మీద ఉన్నది. 'ఆర్‌హెచ్ పాజిటివ్', 'ఆర్‌హెచ్ నెగెటివ్' అనే వాటిలోని 'ఆర్‌హెచ్' రీసస్‌లోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలే. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ అనే శాస్త్రజ్ఞులు రీసస్ కోతి రక్తకణాలతో చేసిన ప్రయోగాల నుండి ఆ పేరు పుట్టినది. కోతి కణాల మీద పనిచేసిన అంశం, మనిషి రక్తంలోని అంశం ఒకటి కావని తర్వాత తేలినది. అయినా పేరు మారలేదు.

కనుక "నా రక్తంలో కోతి అంశం ఉన్నదట" అని బాధపడే అత్తలు, కోడళ్ళు నిశ్చింతగా ఉండవచ్చును. అయితే ఒక విషయంలో నిశ్చింత పనికిరాదు. భార్య నెగెటివ్, భర్త పాజిటివ్ అయినచో బిడ్డ పాజిటివ్ కావచ్చును. అప్పుడు తల్లి రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలు మొదటి కాన్పు కంటె తర్వాతి కాన్పులలోని బిడ్డకు ప్రమాదకరం. దీనిని ఆపుటకు 'యాంటీ-డి' అనే ఇంజెక్షన్ ఉన్నది. బిడ్డ పాజిటివ్ అని తెలిస్తే ప్రసవమైన 72 గంటలలోపు ఇవ్వవలెను. గర్భం నిలువక పోయిన సందర్భాలలో కూడా వైద్యురాలిని అడుగవలెను. నికాహ్‌కు ముందు కట్నకానుకల జాబితాలు విచారించే పెద్దలు, నిఖార్సుగా అడుగవలసిన ఈ రెండు అక్షరాలను అడగరు.

చివరిగా మన ఊరి కోతి సంగతి. దక్షిణాదికి సహజమైన కోతి పేరు 'మకాకా రేడియేటా'. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జ్యోఫ్రువా 1812లో ఈ పేరు పెట్టినాడు. రేడియేటా అనగా కిరణాలవలె విచ్చుకొన్నది. దాని నడినెత్తి మీద వెంట్రుకలు పాపిట తీసినట్లు చీలి, సూర్యకిరణాల వలె నలువైపులా పరచుకొని టోపీలాగా కనబడతాయి. అందుచేతనే ఇంగ్లీషులో దీనిని బోనెట్ కోతి అంటారు. ఇది మన దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. రీసస్ అలా కాదు. అఫ్గానిస్తాన్ నుండి చైనా వరకు ఉన్నది. పూర్వం దక్షిణాన గోదావరి దాని హద్దు అని చెప్పేవారు. గడచిన దశాబ్దాలలో అది ఆ హద్దు దాటి తెలంగాణలో కృష్ణ వైపు దిగివచ్చినది. 2011లో భారతీయ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనం ప్రకారం రీసస్ వచ్చిన చోట రేడియేటా వెనుకంజ వేస్తున్నది. ఒకచోట పట్టిన కోతులను లారీలలో తెచ్చి మరొకచోట వదలుట కూడా ఇందుకు తోడైనది. మన ఊరి చివర వదిలిన కోతులు పక్క ఊరి వారికి బాధ, వారు వదిలినవి మనకు. 2020లో నిర్మల్ వద్ద రాష్ట్ర ప్రభుత్వం కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని తెరిచి, పట్టి తెచ్చిన కోతులకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేయుట ప్రారంభించినది. అదే కాలంలో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం రేడియేటాను ప్రమాదస్థితికి గురికాగల జాతుల జాబితాలో చేర్చినది. "ఇన్ని కోతులుండగా ప్రమాదమేమిటి" అని రైతు అడుగుట సహజమే. కాని ఆయన చేనులో ఉన్నది ఏ కోతి?

భూమి మీద సంచరించే ప్రతి జీవియు మీవంటి సముదాయమే అని సూరా అన్ఆమ్ (38) చెబుతున్నది. 'ఉమమ్', అనగా ఉమ్మత్‌లు. ఈ రెండు ఉమ్మత్‌లను వేరుగా గుర్తించుటకు పుస్తకం అవసరం లేదు. తోక శరీరమంత పొడవుండి, నెత్తిన టోపీ ఉంటే అది మన పాత పొరుగు, రేడియేటా. తోక పొట్టిగా ఉండి, నడుము వెనుకభాగం ఎర్రని నారింజ ఛాయలో ఉంటే అది గోదావరి దాటి వచ్చిన రీసస్. పిల్లలకు ఈ గుర్తులు చెప్పి రేపు ఉదయం మిద్దె వైపు చూడమనండి. ఏ ఊరిలో ఏది కనబడినదో పత్రికకు వ్రాస్తే మేము చదువుతాము.